పాత డిస్క్‌కు పెట్టిన కన్నం

లాప్‌టాప్ నెమ్మదిగా నడుస్తోందనీ, అందులో వేయడానికి వేగంగా పనిచేసే హార్డ్ డిస్క్ ఏదో చెప్పమనీ నన్ను అడిగేవాళ్ళు బిలాస్‌పూర్‌లో ఇంకా ఉన్నారు. నేను రిటైరై ఆరేళ్ళయింది. నెహ్రూ నగర్‌లో ఒక మేడ మీద రెండు గదుల్లో ఉంటున్నాను. మోకాళ్ళు అరిగిపోయాయి, కళ్ళకు ఆపరేషన్ అయింది, అయినా స్క్రూడ్రైవర్ పట్టుకుంటే చెయ్యి వణకదు. అడిగినవాళ్ళకు ఒకే మాట చెబుతాను. లోపల తిరిగే డిస్క్ తీయించి, తిరగని డిస్క్, అదే ఎస్‌ఎస్‌డీ, వేయించుకోండి అంటాను. అక్కడిదాకా అందరూ బుద్ధిగా తల ఊపుతారు. పాత డిస్క్‌ను మాత్రం ఏడాదిపాటు బీరువాలో దాచమంటే విసుక్కుంటారు. "పాతదాంతో ఏం పని అంకుల్?" అంటారు. ఏం పనో ఈ కాగితాల మీద రాస్తున్నాను. తెలుగు అక్షరాలు కూడబలుక్కునే ఓపిక ఉన్న పిల్లలు చదువుకోండి. అంత ఓపిక లేకపోతే ఇంట్లో అమ్మ చేత చదివించుకోండి.

మనుషుల పేర్లు రాయను. ఏ షెడ్‌లో పనిచేశానో కూడా చెప్పను. ఇందులో తప్పు షెడ్‌ది కాదు, నాది.

మాది కరెంటు ఇంజిన్లను బాగుచేసే షెడ్. మా నాన్న శ్రీకాకుళం వైపు నుంచి రైల్వేలో బరువులు మోసే ఖలాసీగా వచ్చి ఈ హిందీవాళ్ళ ఊళ్ళో స్థిరపడ్డాడు. నేను రైల్వే క్వార్టర్‌లోనే పుట్టి, రైల్వే ఉద్యోగంలోనే ముసలివాణ్ణయ్యాను. చివరి పదేళ్ళు నా పని ఇంజిన్లలోని స్పీడోమీటర్లు చూసుకోవడం. ఆ యంత్రం డ్రైవర్‌కు వేగం చూపించి ఊరుకోదు. ఏ క్షణాన ఎంత వేగంతో వెళ్ళాడో లోపల రాసుకుంటుంది కూడా. అయితే దాని జ్ఞాపకం చిన్నది. కొత్తది రాసుకోవడానికి చోటు చాలక కొన్ని రోజులకు పాతది చెరిపేస్తుంది. అందుకని ఇంజిన్ షెడ్‌కు వచ్చినప్పుడల్లా మేము లాప్‌టాప్ తగిలించి, ఆ లెక్కంతా దింపి దాచాలి.

ఆ లాప్‌టాప్ మా సెక్షన్‌కంతటికీ ఒక్కటే. స్విచ్ నొక్కి, బయటికెళ్ళి టీ తాగి, చేతులు కడుక్కుని వస్తే అప్పటికి తెర మీద బొమ్మలు ఒక్కొక్కటే లేస్తూ ఉండేవి. ఒకరోజు గోడ గడియారం చూసి లెక్కపెట్టాను. పదకొండు నిమిషాలు. ఒక్క ఇంజిన్ సంగతి దింపడానికి అరగంట పైన పట్టేది. ఈలోగా బయట ఇంజిన్ తయారై నిలబడి ఉండేది, ఎందుకు వదల్లేదని ఫోన్ మీద ఫోన్ వచ్చేది. లాప్‌టాప్ వల్ల అంటే ఎవరూ నమ్మేవాళ్ళు కాదు. వారానికోసారి అంతా పెన్‌డ్రైవ్‌లోకి నకలు తీయాలని రూల్ కూడా ఉంది. ఈ నత్తనడకతో విసిగిపోయి రెండు నెలలుగా అదీ మానేశాం.

కొత్త లాప్‌టాప్ అడిగితే రాదని అందరికీ తెలుసు. డిస్క్ ఒక్కటి మార్చుకుందామని నేనే ఫైలు పెట్టాను. ఈ విషయాల్లో నాకు మించినవాడు షెడ్‌లో లేడని అప్పట్లో నా నమ్మకం. ఊళ్ళో కంప్యూటర్ దుకాణాలన్నీ తిరిగాను. ఒకతను పాత రకంలోనే ఇంకాస్త జోరుగా తిరిగేది వేసుకోమన్నాడు. అందులో బోలెడంత చోటు ఉంటుందన్నాడు. ఇంకొకతను ఎస్‌ఎస్‌డీ వేసిన లాప్‌టాప్ తెరిచి చూపించాడు. స్విచ్ నొక్కి చెయ్యి తీసేలోపు తెర వెలిగింది. నా మనసు అక్కడే ఉండిపోయింది. ఒకటే చిక్కు. మాకు మంజూరైన దాంట్లో వచ్చే ఎస్‌ఎస్‌డీ చిన్నది, పాతదాంట్లో ఉన్నదంతా అందులో పట్టదు. పోనీలే అనుకున్నాను. పాతదాంట్లో సగం చెత్తే, వీడ్కోలు సభల వీడియోలు, విశ్వకర్మ పూజ ఫోటోలు. అవసరమైనవి ఏరి కొత్తదాంట్లో పెట్టుకుంటే సరి. ఏది అవసరమో నాకు తెలుసు కదా అనుకున్నాను.

ఆ ఫైలు బల్లలు మారుతున్న రోజుల్లోనే ఒక ఎంక్వైరీ మొదలైంది. అంతకు మూడు వారాల ముందు, రెండు స్టేషన్ల మధ్య పట్టాలు సరిచేస్తున్న చోట ఒక గ్యాంగ్‌మన్ కాలు గూడ్సు బండి చక్రం కింద పడి పోయింది. అతనే జారిపడ్డాడని మొదట రాసుకున్నారు. ఆసుపత్రిలో కాస్త తేరుకున్నాక అతను నోరు విప్పాడు. పనులు జరిగే ఆ ముక్కలో బండి గంటకు ఇరవై కిలోమీటర్లు దాటకూడదు, కానీ చాలా జోరుగా వచ్చింది, పక్కకు తప్పుకునే వ్యవధి కూడా ఇవ్వలేదు అన్నాడు. తోటి గ్యాంగ్‌వాళ్ళూ అదే చెప్పారు. ఆ బండి నడిపిన డ్రైవర్ మీద ఎంక్వైరీ వేశారు.

ఆ డ్రైవర్ మా క్వార్టర్ల వరసలో మూడో ఇంటివాడు. నాకన్నా ఐదేళ్ళు చిన్న. వాళ్ళ నాన్నా మా నాన్నా ఒకే ఊరి నుంచి ఒకే ఏడు వచ్చినవాళ్ళు. నన్ను అన్న అనేవాడు. మాట తక్కువ మనిషి. బండి నడపడం గురించి తప్ప ఇంకే విషయంలోనూ గొప్ప చెప్పుకోగా నేను వినలేదు. అతని కూతురు అప్పుడు ఆరో తరగతి. బడి నుంచి రాగానే "పెదనాన్నా" అంటూ మా వంటింట్లోకి వచ్చి డబ్బాలు వెతికేది.

ఒక మధ్యాహ్నం అతను షెడ్‌కు వచ్చాడు. యూనిఫాంలో ఉన్నాడు, చేతిలో టిఫిన్ డబ్బా ఉంది.

"అన్నా, ఆ దినం బండిది నీకాడ ఉన్నాదేటి?"

"ఏ దినానిది?"

తేదీ చెప్పాడు, ఇంజిన్ నంబరు చెప్పాడు. "ఆ గ్యాంగ్‌మన్ నేను జోరుగా వొచ్చీసినానంటన్నాడు. పాపం ఆడికి కాలు పోయినాది, ఆణ్ణి నేనేటీ అనను. గాని నేను ఇరవై దాటనేదన్నా. ఆడు చెప్పిందానికి నలుగురు సాక్షులున్నారు. నాకు ఆ మిషనొక్కటే ఉన్నాది."

లాప్‌టాప్ తెరిచాను. ఆ పదకొండు నిమిషాలూ అతను నిలబడే ఉన్నాడు. దింపిన వాటి జాబితాలో ఆ ఇంజిన్ నంబరు, ఆ రోజుది, కనిపించింది. బొమ్మ మీద నొక్కాను. తెర మధ్యలో చక్రం తిరుగుతూనే ఉంది, తిరుగుతూనే ఉంది, ఆఖరికి తెర నల్లబడి ఊరుకుంది. మళ్ళీ మొదటి నుంచి తెరిచాను. మళ్ళీ అదే.

"ఉంది, చూశావుగా," అన్నాను. "ఇప్పుడు దీన్ని ఎక్కువ కెలికితే ఉన్నది కూడా పోతుంది. ఈ వారంలో కొత్త డిస్క్ వస్తోంది. అందులో పెట్టీసినాక నిమిషంలో తెరిచి ప్రింటు తీసి నీ చేతిలో పెడతాను. ఎంక్వైరీ ఇంకా పది రోజులుంది కదా."

"మరి నువ్వున్నావు గదా, నాకేటి భయం," అన్నాడు. టీ తాగి వెళ్ళమన్నా ఆగకుండా డ్యూటీకి వెళ్ళిపోయాడు.

ఇప్పుడు మా షెడ్ ఆచారం ఒకటి చెప్పాలి. పనికిరాదని కండెమ్ చేసిన సామాను ఏదీ మేము చెక్కుచెదరకుండా వదలం. పెద్దదైతే గ్యాస్ కట్టర్‌తో ముక్కలు చేస్తాం, చిన్నదైతే డ్రిల్లింగ్ మెషిన్ కింద పెట్టి నడిమధ్యన కన్నం పెడతాం, పైన ఎర్ర రంగు పూస్తాం. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, పారేసిన బేరింగ్ ఒకటి ఎవరి చేతుల మీదుగానో మళ్ళీ ఇంజిన్‌లోకి ఎక్కింది. అది దారి మధ్యలో కాలిపోయి, ఇంజిన్ మీదున్నవాళ్ళు చావు తప్పి బయటపడ్డారు. అప్పటి నుంచి ఈ పద్ధతి. దీన్ని నా అంత మొండిగా పట్టించుకున్నవాడు లేడు. కొత్తగా చేరినవాళ్ళకు మొదటి రోజే నేర్పేవాణ్ణి. కొత్తది బిగించిన రోజే పాతదానికి కన్నం పడాలి, రేపు చూద్దామన్నవాణ్ణి నలుగురిలో నిలబెట్టి తిట్టేవాణ్ణి. స్టోర్స్‌వాళ్ళూ అంతే. కన్నం పెట్టిన పాత సామాను చేతికిస్తే గాని కొత్తదాని కాగితం మూసేవాళ్ళు కాదు.

గురువారం డిస్క్ వచ్చింది. కొత్తదాంట్లోకి అవసరమైనవి ఎక్కించడానికి పొద్దుటి నుంచి కూర్చున్నాను. తెర మీద 'స్పీడ్ డేటా' అని ఒక ఫోల్డర్ బొమ్మ ఉండేది. రోజూ మేము తెరిచేది అదే. మిగతా ఫోల్డర్లు ఒక్కొక్కటి గంట గంట తీసుకుంటే, ఇది చిటికెలో వచ్చేసింది. ఆ చిటికె దగ్గరైనా నాకు అనుమానం రావాలి. రాలేదు. కొత్త డిస్క్ వేగం చూసి మురిసిపోయాను.

సాయంత్రం డ్యూటీ దిగే వేళకు కొత్తది బిగించి, పాతది పట్టుకుని ఫిట్టర్ బల్ల దగ్గరకు వెళ్ళాను. ఆ ఫిట్టర్ మా అందరికన్నా పెద్దవాడు, విజయనగరం వైపు మనిషి. ఆ డిస్క్‌ను అరచేతిలో పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"రెండ్రోజులుంచీరాదా బాబూ? ఇది బేరింగు కాదు గదా. ఇందులో ఏటేటుందో."

"కండెమ్ అంటే కండెమ్. కన్నం పెట్టీ," అన్నాను.

ఆయన డిస్క్‌ను మెషిన్ కింద బిగించి బర్మా దింపాడు. రేకు తెగినంతసేపు ఒక రకంగా, లోపల డిస్క్ తెగుతున్నప్పుడు ఇంకో రకంగా చప్పుడు వచ్చింది. మెరిసే పొడి కొంచెం బల్ల మీద రాలింది. ఆ బల్ల దగ్గర మేమిద్దరమే ఉన్నాం.

మర్నాడు పొద్దున్న సెక్షన్ అంతా లాప్‌టాప్ చుట్టూ మూగారు. స్విచ్ నొక్కగానే తెర వెలిగితే చిన్నపిల్లల్లా మళ్ళీ ఆపి మళ్ళీ వెలిగించారు. ఎవరో సమోసాలు తెప్పించారు. అందరూ వెళ్ళాక, డ్రైవర్‌కు మాట ఇచ్చిన ప్రింటు తీద్దామని 'స్పీడ్ డేటా' బొమ్మ నొక్కాను. ఈ బొమ్మ చూపించే చోటు దొరకడం లేదని తెర మీద రాసి వచ్చింది.

అది ఫోల్డర్ కాదు. ఫోల్డర్‌కు దారి చూపించే బొమ్మ మాత్రమే. అసలు ఫోల్డర్‌ను ఆ స్పీడోమీటర్ ప్రోగ్రాము తనంతట తాను పాత డిస్క్ లోపల ఎక్కడో ఒక మూల కట్టుకుంది. ఏళ్ళ తరబడి రోజూ తెరిచిన నాకు ఆ సంగతి తెలియదు. నేను ఇంటి ముందున్న పేరు పలక ఊడబీకి తెచ్చుకుని, ఇల్లు కూల్చేశాను.

స్క్రాప్ గుట్ట దగ్గరకు పరిగెత్తాను. డిస్క్ పైనే ఉంది. ఎర్ర రంగు ఆరిపోయింది. పైకెత్తి చూస్తే కన్నంలోంచి నేల కనిపించింది. రాయ్‌పూర్‌లో పోయిన డేటా తీసే ఒకతనికి ఫోటో పంపితే, ఏమీ రాయకుండా నవ్వే బొమ్మ ఒకటి పంపాడు. పెన్‌డ్రైవ్‌లో రెండు నెలల నకలు లేదు. ఇంజిన్‌లోని యంత్రం ఆ రోజుది ఎప్పుడో చెరిపేసుకుంది. నా ఉద్యోగంలో అంతకు ముందు భయపడ్డ రోజులు ఉన్నాయి గాని, నన్ను చూసి నాకే రోత పుట్టింది మాత్రం ఆ రోజే.

సాయంత్రం డ్రైవర్ ప్రింటు కోసం వచ్చాడు.

"డిస్క్ పోయింది," అన్నాను.

"పోయినాదంటే ఏటన్నా?"

"పాతది కదా. మార్చేలోపే చచ్చిపోయింది. ఏమీ రాలేదు."

"అచ్ఛా," అన్నాడు. టిఫిన్ డబ్బా చేతులు మార్చుకుని వెళ్ళిపోయాడు.

ఎంత తేలిగ్గా నోట్లోంచి వచ్చిందో చూడండి. ముందే అనుకుని చెప్పిన అబద్ధం కాదు. నాకు రెండేళ్ళ సర్వీసు మిగిలి ఉంది. సాక్ష్యం చేజేతులా పాడుచేశానంటే చార్జిషీటు నా పేరు మీద వస్తుంది. అవన్నీ తరవాత కూర్చుని ఆలోచించుకున్న కారణాలు. ఆ నిమిషంలో మాత్రం అతని ముందు తెలివితక్కువవాణ్ణి కావడం ఇష్టంలేక అలా అన్నాను. ఒకసారి అన్నాక వెనక్కి తీసుకునే ధైర్యం లేకపోయింది.

ఎంక్వైరీ రోజున ఒక పొడుగాటి బల్లకు అటు ఆఫీసరు, ఇటు మేము కూర్చున్నాం. ఆ ఆఫీసరు చెడ్డవాడు కాదు, ఓపికగా వినేవాడు. నన్ను పిలిచి డేటా ఎక్కడ అని అడిగాడు. పాత డిస్క్ దానంతట అదే పాడైపోయిందని చెప్పాను. లాప్‌టాప్ నెమ్మది గురించి నేను పెట్టిన ఫైలే నాకు సాక్ష్యంగా నిలబడింది. ఆయన రాసుకున్నాడు.

"పాడయ్యే ముందు ఆ రోజు గ్రాఫ్ మీరు చూశారా?" అని హిందీలో అడిగాడు.

చూశాను, ఇరవై దాటలేదు అని ఒక్క ముక్క చెబితే అతను బయటపడేవాడేమో. నేను చూడలేదు. జాబితాలో పేరు చూశానంతే. చూడలేదు సార్ అని నిజం చెప్పాను. ఆ గదిలో నా కోసం ఒక అబద్ధం ఆడి, అతని దగ్గరికొచ్చేసరికి హరిశ్చంద్రుణ్ణయ్యాను.

ఆఫీసరు డ్రైవర్ వైపు తిరిగి, ఈ సాక్షిని మీరేమైనా అడగదలుచుకున్నారా అన్నాడు. అది రూల్. ఎవరి మీద ఎంక్వైరీయో వాళ్ళకు ప్రశ్నించే హక్కు ఉంటుంది. అతను నా వైపు చూశాడు. నా చేతుల వైపు చూశాడు. ఏదో అడుగుతాడనుకున్నాను.

"నేదు సార్. అడగడానికేటీ నేదు," అన్నాడు. మళ్ళీ హిందీలో అదే చెప్పాడు.

నలుగురు సాక్షుల మాటే నిలబడింది. అతన్ని లైన్ మీద నుంచి తీసేసి షంటర్‌గా దించారు. అంటే షెడ్ లోపల ఇంజిన్లను ఈ పట్టా మీద నుంచి ఆ పట్టా మీదకు జరిపే పని. పాతికేళ్ళు రాత్రనకా పగలనకా గూడ్సులు లాక్కెళ్ళిన మనిషి, రిటైరయ్యేదాకా ఏడేళ్ళు, నాలుగు వందల గజాల మేర ముందుకీ వెనక్కీ తిరిగాడు. నా ఉద్యోగం చివరి రెండేళ్ళు అది నా కిటికీలోంచి కనిపించేది. మొదటి రోజు ఇంజిన్ లోంచి నన్ను చూసి చెయ్యి ఎత్తాడు. నేను లాప్‌టాప్ మీదకు వంగిపోయాను. అదివరకైతే అది తెరుచుకునేలోపు టీ కొట్టు దగ్గరకెళ్ళి దాక్కోవచ్చు. ఇప్పుడు నొక్కగానే వెలుగుతుంది, లేచి వెళ్ళడానికి సాకు లేదు. తరవాత అతను చెయ్యెత్తడం మానేశాడు.

కాలు పోయిన గ్యాంగ్‌మన్‌ది మస్తూరీ దగ్గర పల్లె. అతనికి ఒక ఆఫీసులో కాగితాలు అందించే పని ఇచ్చారు. కర్ర కాలు వేసుకుని నడుస్తుంటే రెండు మూడుసార్లు చూశాను. ఇద్దరిలో ఎవరిది నిజమో నాకు ఈనాటికీ తెలియదు. అతనిదే నిజమైతే ఆ మాట తేల్చి చెప్పే కాగితం అతనికీ లేకుండా చేశాను. ఆ పాపం రెండువైపులా తగిలింది.

రిటైరై క్వార్టర్ ఖాళీ చేశాక అతని ఇంటి వైపు వెళ్ళలేదు. వాళ్ళూ గత ఏడాది రిటైర్మెంట్ తరవాత ఈ దగ్గర్లోనే ఇల్లు తీసుకున్నారని విన్నాను. అప్పటి నుంచి ఆ వీధి తప్పించి, చుట్టూ తిరిగి కూరగాయలకు వెళ్తున్నాను.

ఈ నెల మొదట్లో ఒక అమ్మాయి మెట్లెక్కి వచ్చింది. భుజాన లాప్‌టాప్ సంచీ ఉంది. ఊరి చివర కోనిలో ఉన్న యూనివర్సిటీలో చదువుతున్నానంది. నేను గుర్తుపట్టలేదు. తండ్రి పేరు చెప్పింది.

"నమస్తే అంకుల్. పాపా పంపించారు. ఇది బహుత్ స్లో అయిపోయింది, ప్రాజెక్ట్ సబ్మిట్ చెయ్యాలి. డిస్క్ మార్చాలంటే మీ దగ్గరికే వెళ్ళమన్నారు."

ఒకప్పుడు పెదనాన్నా అన్న పిల్ల. కూర్చోమన్నాను. ఏ డిస్క్ కొనాలో కాగితం మీద రాసిచ్చాను. వేగం చూసి చిన్నది తీసుకోవద్దని, పాతదాంట్లో ఉన్నదంతా పట్టేదే కొనమని చెప్పాను. సాయంత్రానికల్లా కొని తెచ్చింది. రెండూ నా బల్ల మీద పెట్టి, గుమ్మం దాటి రెండు మెట్లు దిగి, మళ్ళీ వెనక్కి వచ్చింది.

"అంకుల్, మర్చిపోయాను. పాపా ఒక మాట చెప్పమన్నారు. పాత డిస్క్‌కి మాత్రం కన్నం పెట్టొద్దన్నారు." నవ్వింది. "క్యా మతలబ్? అడిగితే, మీకు తెలుసులే అన్నారు."

తెలుసమ్మా అన్నాను. ఆ పిల్ల వెళ్ళాక గుమ్మంలోనే కూర్చుండిపోయాను.

డిస్క్‌కు కన్నం పెట్టిన సాయంత్రం ఆ బల్ల దగ్గర ఉన్నది మేమిద్దరమే. ఫిట్టర్ పోయి నాలుగేళ్ళయింది. ఎంక్వైరీకి ముందే ఆయన డ్రైవర్‌కు చెప్పి ఉంటాడు. అంటే ఆ రోజు పొడుగాటి బల్ల దగ్గర కూర్చుని నా చేతులు చూసినప్పుడు అతనికి అంతా తెలుసు. అడగడానికేటీ నేదు అన్నప్పుడు తెలుసు. ఒక్క ప్రశ్న అడిగితే తన మీది నేరం తేలకుండా పోయేది, నా మీద చార్జిషీటు పడేది. అడగలేదు. ఏడేళ్ళు నా కిటికీ ముందూ, నేను పోయాక ఖాళీ కిటికీ ముందూ ఇంజిన్లు జరుపుకున్నాడు గాని అడగలేదు. ఎందుకో నాకు తెలియదు. మా నాన్నలు ఒకే ఊరి నుంచి వచ్చారనా, నేనే ఒకరోజు వచ్చి చెబుతానని ఎదురుచూశాడా. ఇప్పుడు పిల్లను పంపడం నన్ను నమ్మడమో, గుచ్చడమో కూడా తెలియదు.

ఆ అమ్మాయి లాప్‌టాప్‌కు రెండు రోజులు పట్టింది. ఒక్కొక్క ఫోల్డర్ కొత్తదాంట్లో తెరిచి, పాతదాంట్లో తెరిచి, పక్కపక్కన పెట్టి చూశాను. ఆరో తరగతి నాటి ఫోటో ఒకటి కనిపించింది. మా పాత క్వార్టర్ గుమ్మంలో తీసింది, చేతిలో మా ఇంటి జంతికల డబ్బా ఉంది.

తీసుకెళ్ళడానికి వచ్చినప్పుడు పాత డిస్క్ ఏదని అడిగింది. "అది నేనే తెచ్చి మీ నాన్న చేతికిస్తానని చెప్పు," అన్నాను.

దాన్ని శుభ్రమైన గుడ్డలో చుట్టి బల్ల మీద పెట్టాను. దానికి ఏ కన్నమూ లేదు. వాళ్ళ ఇల్లు ఇక్కణ్ణుంచి పది నిమిషాల నడక. నాలుగుసార్లు చొక్కా తొడుక్కున్నాను, ఒకసారి వీధి మలుపు దాకా వెళ్ళి వచ్చాను. నేటికి పన్నెండు రోజులైంది. డిస్క్ ఇంకా నా బల్ల మీదే ఉంది.